బర్రె మేసిన డాక్టరేటు

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలు ఉండేవి. ఒకటి, లోకంలోనే లేదని పెద్దలు తేల్చేసిన ఒక మొక్క వాకాడు ఇసుకలో నా కోసమే దాక్కుని ఉందని. రెండు, ఆ సంగతి నోరు జారి ఎవరితోనైనా అన్నానంటే, మరుసటి బస్సులో ఎవరో దిగి దాన్ని ఎగరేసుకుపోతారని. ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు బుద్ధి కంటే పట్టుదల ఎక్కువ (ఇప్పటికీ అంతేనని మా ఆయన అంటారు) కాబట్టి, ఈ రెంటినీ గట్టిగా పట్టుకుని మూడేళ్లు సముద్రపు ఒడ్డున తిరిగాను. మొక్క పేరు ఇక్కడ చెప్పను. దాని శాస్త్రీయ నామం పలకడానికే అరనిమిషం పడుతుంది, పైగా పాత భయం ఇంకా పూర్తిగా పోలేదు.

మా యూనివర్సిటీలో ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి దాచే గది ఒకటి ఉండేది. అందులో ఒక అట్ట మీద, తెల్లదొరల కాలంలో ఎవరో నెల్లూరు తీరాన సేకరించిన చిన్న మొక్క కనిపించింది. జానెడు కూడా లేదు. నేలను అంటుకుని పాకే రకం, గోరంత పసుపు పువ్వు, చెవి కమ్మలా వంగిన కాయ. ఆ తర్వాత దాన్ని చూసినవాళ్లు లేరు. నా పిహెచ్.డి. గైడు గారు తన పుస్తకంలో "బహుశా అంతరించినది" అని రాసి, రెండో ముద్రణలో "బహుశా" కూడా తీసేశారు. "ఎక్కడైనా మిగిలి ఉందేమో సార్" అన్నాను. "పదిహేనేళ్లు వెతికానమ్మా. లేదు," అన్నారు. ఆ "లేదు" నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఉందని చూపించి తీరాలనుకున్నాను. ఇంట్లో గొడవ వేరే. మాది బుచ్చిరెడ్డిపాలెం, వరి తప్ప తక్కిన పచ్చదనమంతా మా నాన్న దృష్టిలో కలుపే. "మన మడిలో కలుపు తీసేదానికి మనుషులు దొరక్క నేను చస్తా ఉంటే, నువ్వు కలుపును వెతుక్కుంటా పోతానంటావా?" అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. మూడో ఏడు శివరాత్రి లోపల మొక్క దొరక్కపోతే, నోరు మూసుకుని వచ్చి బి.ఇడి.లో చేరాలి.

వాకాడు దాటి సముద్రం వైపు పోతే ఒక పల్లె. అక్కడ శనక్కాయల అక్క ఇంట్లో దిగేదాన్ని. భర్త రొయ్యల గుంటల దగ్గర పనికి పోతే, రెండెకరాల ఇసుక చేలో శనక్కాయ పండించేది ఆమే. మొదటి రోజే, "ఏం పని మీద వచ్చినావు పాపా?" అని అడిగింది. మొక్క మాట ఎత్తితే ఇంకేముంది, రహస్యం బట్టబయలు! "మట్టి చూడటానికక్కా," అన్నాను. ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి రోజూ దోసెడు ఇసుక కవర్లలో నింపి మోసుకొచ్చేదాన్ని (మా హాస్టల్ గది మూల చిన్నపాటి బీచి తయారైంది). ఊళ్లో నా పేరు మట్టి పాప అయిపోయింది. అక్క చేలో కలుపు తీయడానికి చర్చి వీధి నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. నేను వంగి వంగి గట్లు గాలించడం చూసి వాళ్లలో పెద్దామె, "ఏందో పోగొట్టుకున్నట్టుండావే, ఏందో చెప్తే మేమూ చూస్తాం గదా," అనేది. "అబ్బే, ఏం లేదక్కా," అని నవ్వి, చేతిలో ఉన్న ఇసుకను మహా శ్రద్ధగా పరిశీలించేదాన్ని.

మూడో ఏడు, శివరాత్రి ఇంకా పది రోజులుందనగా, ఎక్కడెక్కడో తిరిగి వచ్చి అక్క చేను చివర కూలబడ్డాను. కాలి దగ్గర పసుపు చుక్క. బోర్లా పడుకుని లెన్సు పెట్టి చూశాను. పువ్వు అదే, కాయ అదే. మొత్తం నాలుగు మొక్కలు! ఏడ్చాను, సిగ్గేం లేదు. పక్కన ఒక పుల్ల గుచ్చితే బాగుండేది. గుచ్చలేదు. గుచ్చితే ఎవరైనా ఎందుకని అడుగుతారు కదా. సెల్లులో ఫోటో తీసి గైడు గారికి పంపాను. "ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. కోయవద్దు. నేనే వచ్చి పువ్వు విప్పి చూస్తాను," అన్నారు. మరునాడే గూడూరు రైలుకు వస్తానన్నారు. ఆయన్ను తీసుకురావడానికి పొద్దున్నే బయల్దేరుతూ అక్కకు ఒకే ఒక ముక్క చెప్పాను.

"అక్కా, మా పెద్ద సారు వస్తా ఉన్నారు. మీ చేనే చూస్తారు."

"నా చేనా!" అంది అక్క, చీపురు అక్కడే వదిలేసి.

మధ్యాహ్నానికి గైడు గారితో తిరిగొచ్చేసరికి, అక్క పట్టుచీర కట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది. వెనక ముగ్గురు ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని, చెమటలు కారుతూ. "పొద్దున్నించి నడుం ఎత్తలేదు సార్," అంది అక్క సంతోషంగా. "చేను అద్దం మాదిరి చేసినాం. ఒక్క గడ్డిపోచ ఉంటే చూపించండి." నిజమే, ఒక్క పోచ లేదు. చేను చివర నా నాలుగు మొక్కలున్న చోట తడి ఇసుక మెరుస్తోంది. గైడు గారు చేను చూశారు, నన్ను చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పీకిందంతా ఎక్కడేశారక్కా?" అన్నాను. "ఏడేస్తాం పాపా, బర్రెకేసినాం."

పరుగెత్తాను. బర్రె కొట్టం ముందు తాపీగా నెమరేస్తోంది. గంపలో చెత్తంతా కుమ్మరించాను, గాటి అడుగున చెయ్యి పెట్టి దేవాను, ఆఖరికి బర్రె మూతి పక్కన వేలాడుతున్న పచ్చటి కాడను లాగి (దానికి అది నచ్చలేదు) గైడు గారి చేతిలో పెట్టాను. ఆయన ఓపిగ్గా లెన్సు తీసి చూసి, "ఇది తుంగ," అన్నారు.

బి.ఇడి. కాలేజీ గేటు నా కళ్ల ముందు తెరుచుకుంది. కానీ అక్క మొహం చూస్తే అంతకంటే బాధేసింది. ఏదో తప్పు జరిగిందని తెలిసింది, అదేమిటో తెలియక పట్టుచీర కొంగు నలుపుకుంటోంది. ఇక చాలనుకున్నాను. బర్రె పక్కనే కూర్చుని, మట్టి కోసం కాదని, మూడేళ్లుగా అందరికీ అబద్ధం చెప్పానని ఒప్పుకుని, సెల్లులో ఫోటో చూపించాను. "ఇది ఇంకెక్కడైనా ఉంటే చెప్పండక్కా. ఎంత దూరమైనా ఇప్పుడే నడుస్తాను. దొరికేదాకా ఈ ఊరు వదలను."

పెద్దామె సెల్లు కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఓస్, ముసలమ్మ కమ్మలు గదా! దీనికా ఇంత తిరిగినావు? చర్చి ఎనక సమాధుల కాడ బోలెడు ఉండాది."

పావుగంట నడక. సమాధుల చుట్టూ ముళ్లకంచె, లోపలికి మేకలు రావు, నాగలి రాదు. సిలువల మధ్య ఇసుక నిండా పసుపు చుక్కలు. ఈస్టరుకు ముందు ఆ ముగ్గురే వచ్చి అంతా పీకి శుభ్రం చేస్తారట. అప్పటికి కాయలు పగిలి గింజలు రాలిపోతాయి, మళ్లీ వానలకు మొలుస్తాయి. గైడు గారు చెప్పులు విడిచి మోకాళ్ల మీద కూర్చుని, ఒక పువ్వు విప్పి చాలాసేపు చూశారు. "అదేనమ్మా," అన్నారు. "పదిహేనేళ్లలో ఈ కంచె పక్క నుంచే ఎన్నిసార్లు పోయానో."

"మరి మమ్మల్ని అడగలేదేం సారూ?" అంది పెద్దామె.

గైడు గారు వంగి, అదే పువ్వును ఇంకోసారి లెన్సులో చూడటం మొదలుపెట్టారు, నేనూ పక్కనే వంగాను.

డాక్టరేటు వచ్చింది. మా నాన్న ఊరంతా చెప్పుకున్నారు, మొక్కను మాత్రం చివరిదాకా కలుపనే అన్నారు. ఇప్పుడు ఆ అట్టల గదికి నేనే పెద్దదాన్ని. పాత అట్ట పక్కన కొత్త అట్ట చేరింది. దాని మీద "కనుగొన్నవారు" అన్నచోట నా పేరు ఉంది. అది రాసిన రోజు నాకు చెయ్యి కొంచెం కూడా తడబడలేదు. మొన్న ఆ అట్ట తీసి, నా పేరు కొట్టేసి ఆ ముగ్గురి పేర్లు రాద్దామని పెన్ను పట్టుకున్నాను. పేర్లు తెలియవు! జానెడు మొక్క పేరు లాటిన్‌లో తప్పు లేకుండా పలికే మనిషిని, మూడేళ్లు రోజూ పలకరించిన ఆడవాళ్ల పేర్లు ఒక్కసారి కూడా అడగలేదు.

శనక్కాయల అక్కకు ఫోన్ చేశాను. విషయం విని చాలాసేపు నవ్వింది. "ఇప్పటికి అడిగినావా పాపా," అని, ఒక్కొక్క పేరే నెమ్మదిగా, నేను రాసుకునేలా చెప్పింది.