తిరువూరులో రైలు నడిపిన మాస్టారు

స్కౌట్ మాస్టారు పోయారన్న మాట కొట్టు షట్టరు ఎత్తుతుండగా తెలిసింది. ఎదురుగా ఆటో తుడుచుకుంటున్నాయన తల తిప్పి, "అమ్మా, మీ రైలు మాస్టారు పోయారంట. రాత్రి నిద్రలోనేనంట" అన్నాడు. షట్టరు సగంలో వదిలేసి నిలబడిపోయాను. ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వచ్చే నెల రెండో శనివారం పిల్లల్ని రైలెక్కిస్తానని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించిన మనిషి, ఆ శనివారం రాకుండానే ఎలా వెళ్ళిపోతారు?

మీరెప్పుడైనా మా తిరువూరు వచ్చి ఉంటే బస్సులోనే వచ్చి ఉంటారు. మాకు రైలు లేదు. విజయవాడ వెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా బస్టాండే మాకు దిక్కు. అలాంటి ఊళ్ళో, స్కూలు గ్రౌండులో, ఆదివారం పొద్దున్నే ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి రైలు నడిపారు.

డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాక ఆయన ఇంట్లో కూర్చోలేక స్కౌట్ పిల్లల్ని చేరదీశారు. మా బట్టల కొట్టుకి మొదటిసారి వచ్చినప్పుడు చొక్కా గుడ్డ కోసమనుకుని కొలకర్ర అందుకున్నాను.

"ఎర్ర గుడ్డ ఒక ముక్క, ఆకుపచ్చది ఒక ముక్క చింపమ్మా" అన్నారు.

"దేనికండీ?"

"రైలు నడపాలి."

"తిరువూరులోనా?"

"రైలున్న ఊళ్ళో నడపడానికి నేనెందుకమ్మా, వాళ్ళకి రైల్వే ఉందిగా!"

నేను తేలిగ్గా నవ్వే మనిషిని కాను. బేరమాడే వాళ్ళతో నవ్వితే కొట్టు నడవదు. ఆ రోజు మాత్రం పకాలున నవ్వేశాను. అదే అదనుగా, "మీ అమ్మాయిని ఆదివారం పంపండి" అని వెళ్ళిపోయారు. పంపాను.

ఆయన రైలు ఎలా ఉండేదో చెప్పాలి. ముందు పిల్లలంతా అరచేతులు రుద్దుకోవాలి, అది ఆవిరి. తరవాత రెండు వేళ్ళతో మెల్లగా చప్పట్లు, ఆపైన అరచేత్తో, ఇంకా ఇంకా జోరుగా. చివర ఆయన చెయ్యి పైకెత్తగానే అందరూ ఒక్కసారి ఆపేసి "కూ..." అని కూత పెట్టాలి. ఎవరు బాగా పాడినా, ఎవరు చెట్టుకి ముడి సరిగ్గా వేసినా వాళ్ళకి బహుమతి ఈ రైలు చప్పట్లే. ఒకసారి నేను, "ఇప్పుడన్నీ కరెంటు రైళ్ళే కదండీ, ఆవిరెక్కడిది?" అని ఆటపట్టించాను. "కరెంటుకి చప్పట్లెలా కొట్టాలో మీరు నేర్పండి, నేను మానేస్తా" అన్నారు.

ఆ చప్పట్లని ఎప్పుడూ వరసలో అందరికన్నా బెరుకైన పిల్ల దగ్గరే మొదలుపెట్టించేవారు. గంపలగూడెం నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒక చిన్నపిల్ల ఉంది. వాళ్ళ అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి వెళతారు. ఆ పిల్ల మాట పక్కనున్నవాళ్ళకే వినపడదు. చాలా ఆదివారాలు రైలు ఆ పిల్ల వేళ్ళ దగ్గరే బయల్దేరింది. "గట్టిగా కొట్టేవాళ్ళు ఎలాగూ కొడతారమ్మా. మెల్లగా కొట్టేవాళ్ళది ముందు వినాలి" అనేవారు.

జోకులు కూడా రైలువే. ఒక పిల్ల, "ఏమండీ, ఈ రైలు తిరువూరులో ఆగుతుందా?" అని అడిగేది. స్టేషన్ మాస్టరు వేషం వేసినవాడు, "ఆగదమ్మా" అనేవాడు. "ఎందుకాగదు?" "అసలు వస్తే కదమ్మా, ఆగడానికి!" ఇంకొకడు, "మన రైలు ఇంత పొడుగేంట్రా?" అంటే, "పెళ్ళికెళ్తోంది సార్, అందరూ వస్తామన్నారు" అని జవాబు. వందోసారి విన్నా ముందుగా నవ్వేది మాస్టారే.

ఆయన పిల్లలచేత వేయించే రైలు స్కిట్టులో, అదే చిన్న నాటికలో, ఒక నియమం ఉండేది. పిల్లలు వరసగా నిలబడాలి. ఆయన పచ్చజెండా ఊపేదాకా ఎవరూ రైలెక్కకూడదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని పెట్టారు. ఆ ముచ్చటే మా కొంప ముంచింది.

కిందటేడాది, పిల్లల్లో చాలామంది అసలు రైలే ఎక్కలేదని తెలిసి, మధిర దాకా బస్సులో తీసుకెళ్ళి, అక్కడ రైలెక్కించి విజయవాడలో దింపుదామని ఏర్పాటు చేశారు. తోడుగా నేనూ వెళ్ళాను. రైలొచ్చి ఆగింది. మాస్టారు వరస చివర నిలబడి తలలు లెక్కపెట్టుకుంటున్నారు. ముందు మా అమ్మాయి. తలుపు ఎదురుగా ఉంది, ఎక్కదు. వెనకాల పిల్లలూ అటెన్షన్‌లో నిలబడ్డారు. "ఎక్కండర్రా, ఎక్కండి!" అని మాస్టారు అరుస్తున్నారు. "జెండా ఊపలేదు సార్!" అని మా అమ్మాయి అంతకన్నా గట్టిగా అరిచింది. అంతలో దూరంగా చివరి పెట్టె దగ్గర గార్డు పచ్చజెండా ఊపాడు. రైలు కదిలింది. అప్పుడు మా వాళ్ళంతా ఎక్కడానికి ఒక్క ఉదుటున కదిలారు. మాస్టారు ఆ వయసులో ఎలా వచ్చారో, పరిగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు. పిల్లలు ఆగారు. రైలు వెళ్ళిపోయింది.

మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "తప్పు నీది కాదమ్మా, జెండా నాది" అన్నారు. తరవాత లేచి, వెళ్ళిపోయిన ఆ రైలుకే అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ప్లాట్‌ఫాం మీద జనం మమ్మల్ని వింతగా చూశారు. వచ్చిన బస్సు దారినే తిరిగొచ్చాం.

ఇంకొకరైతే ఆ సంగతి మళ్ళీ ఎత్తేవారు కాదు. ఆయన మరుసటి ఆదివారానికల్లా దాన్ని స్కిట్టు చేసేశారు. అందులో పిల్లలంతా రైలెక్కేస్తారు. తలలు లెక్కపెడుతూ మాస్టారొక్కరే ప్లాట్‌ఫాం మీద ఉండిపోతారు. రైలు కదులుతుంది. ఆయన కాస్త దూరం పరిగెత్తి, ఆయాసపడి ఆగి, చెయ్యూపుతూ, "మీరెళ్ళండర్రా, నేను బస్సులో వస్తా!" అంటారు. పిల్లలు చేతులతో కిటికీలు కట్టి, వాటిలోంచి తలలు పెట్టి, "కిటికీ పక్కన సీటు పట్టుకోండి మాస్టారూ!" అని అరుస్తారు. ఈ స్కిట్టు ఎక్కడ వేసినా, ఆ మాట రాకముందే జనం నవ్వడం మొదలుపెట్టేవారు.

"మీ తప్పు మీరే స్టేజీ ఎక్కిస్తారేంటండీ?" అని అడిగాను.

"నేను చెప్తే పిల్లలు నవ్వుతారు. వేరేవాళ్ళు చెప్తే పిల్లలు ఏడుస్తారు" అన్నారు.

అయినా అసలు రైలు అలాగే మిగిలిపోయింది. తల్లిదండ్రులు భయపడ్డారు. భయపడక ఏం చేస్తారు? ఆయన ఎండలో సైకిలు మీద ఒక్కో ఇంటికీ వెళ్ళారు. కాదన్న ఇంటికి మళ్ళీ వెళ్ళారు. గ్రౌండులో స్కూలు మెట్లనే రైలు మెట్లు చేసి, "జెండా కాదు, తలుపు!" అని పిల్లలచేత ఎక్కాలు చదివించినట్టు చదివించారు. చివరికి అందరూ సరేనన్నారు. అప్పుడే ఆయన వెళ్ళిపోయారు.

పెద్దకర్మ అయ్యాక మావారు, "ఆయనే లేనప్పుడు రైలెందుకు? మానేయ్, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ఎవరూ ఏమీ అనుకోరనే నాకు మంట. ఒక మనిషి అంత తిరిగి సాధించింది ఎవరికీ పట్టకుండా పోతే ఇక ఆయన తిరగడమెందుకు? ఇద్దరు పిల్లల ఇళ్ళవాళ్ళు ఫోన్ చేసి, "మేం పంపం" అన్నారు. వాళ్ళిళ్ళకి వెళ్ళాను. ఆయనకున్న ఓర్పు నాకు లేదు. "మాస్టారికి సరేనన్నారు కదా. ఆయన లేరని మాట వెనక్కి తీసుకుంటారా?" అని గుమ్మంలోనే కూర్చున్నాను. కాఫీ ఇచ్చారు, తాగాను, లేవలేదు. సరేనన్నారు.

మాస్టారి భార్యకి చెప్పకుండా వెళ్ళడానికి మనసొప్పలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, ఉతికి మడతపెట్టిన రెండు గుడ్డముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"రైలుకి జెండా రైలు వాళ్ళదే ఉంటుంది కదండీ" అన్నాను.

"ఉండనీ అమ్మా. ఉత్త చేతుల్తో స్టేషనుకి వెళ్ళే మనిషి కాదాయన" అన్నారు. పచ్చది బాగా వెలిసిపోయింది. కొట్టులో కొత్త గుడ్డ ఉంది కానీ చింపబుద్ధి కాలేదు.

రెండో శనివారం మధిర ప్లాట్‌ఫాం మీద, వరస చివర, ఆయన నిలబడే చోట నేను నిలబడ్డాను. భుజాన సంచిలో ఆ గుడ్డలు. తోడు వచ్చిన ఇద్దరు తండ్రుల్ని వరస ముందు, మధ్యలో పెట్టాను. రైలొచ్చి ఆగింది. "జెండా కాదు, తలుపు!" అని మా అమ్మాయి గొంతు వినపడింది. ఎక్కి, తిరిగి, వెనకవాళ్ళకి చెయ్యి అందించింది. ఒకరి తరవాత ఒకరు ఎక్కేశారు. అందరూ ఎక్కాక నేనూ ఎక్కాను.

గార్డు పచ్చజెండా ఊపి ఉంటాడు. నేను చూడలేదు. రైలు కదిలింది. గోల చెయ్యాల్సిన పిల్లలు అందరూ కిటికీలకి అతుక్కుని ప్లాట్‌ఫాం వైపే చూస్తున్నారు. దేనికోసం చూస్తున్నారో నాకు తెలుసు. రైలు కదలగానే ప్లాట్‌ఫాం మీద నుంచి ఒక మాట రావాలి. ఆ మాట నాకు నోటికొచ్చు. అందామని నోరు తెరిచాను, కానీ రైల్లో కూర్చుని అనే మాట కాదది.

అప్పుడు గంపలగూడెం పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని లేచి నిలబడింది. పక్కనున్నవాళ్ళకే వినపడని ఆ గొంతు స్టేషనంతా వినపడేలా, "కిటికీ పక్కన సీటు పట్టుకోండి మాస్టారూ!" అని అరిచింది. వెంటనే మిగతా పిల్లలంతా అందుకున్నారు. నేనూ అరిచాను.

ప్లాట్‌ఫాం మీద టీ అమ్ముకునే ఒక పెద్దాయన ఆ కేకలు తనకేననుకున్నాడు. క్యాను కింద పెట్టి, నవ్వుతూ మాకు చెయ్యూపాడు. స్టేషను కనుమరుగయ్యేదాకా ఆ చెయ్యి దించలేదు.