హంతకుణ్ణి మార్చింది నేనే

ఈ మాట మా ఆయనతో చెప్పలేదు. పిల్లలతోనూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ సుఖంగానే బతికాను. ఆ సుఖంలోనే ఒక మూల ఇది బరువుగా కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు కనక మీకు చెబుతున్నాను.

ఈ దేశంలో నల్లవాళ్ళకి మొదటిసారి ఓటు హక్కు దక్కి, కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజుల్లో మేము సముద్రం ఒడ్డునున్న ఈ పోర్ట్ షెప్‌స్టోన్ ఊరికి వచ్చాం. మా ఆయన డాక్టరు. నేను అంతకుముందు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఇక్కడ ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఆయనకి డిటెక్టివ్ కథలు రాయడం పిచ్చి. రాసినవి విజయవాడలో ఒక వారపత్రిక నడిపే మూర్తిగారికి పంపేవారు. వాళ్ళిద్దరూ చదువుకునే రోజుల నుంచీ ప్రాణస్నేహితులు. మా ఆయన దస్తూరీ ఎవరికీ అర్థం కాదు. సాఫుగా తిరగరాసి పోస్టు చేసే పని నాది.

నేను చెబుతున్న కథ ఇదే తీరాన ఉన్న ఇసిపింగో అనే ఊళ్ళో జరుగుతుంది. ఒంటరి ముసలి షావుకారు పొద్దున టీ తాగి చనిపోతాడు. మధ్యాహ్నం మేనల్లుడు పోలీసుల్ని తీసుకొచ్చి తలుపు తీస్తే, వంటింట్లో ఎలక్ట్రిక్ కెటిల్ ఇంకా మరుగుతూ ఉంటుంది. పనిమనిషే విషం కలిపి, కంగారులో కెటిల్ ఆపకుండా పారిపోయిందని డిటెక్టివ్ తేలుస్తాడు.

మా ఆయన జన్మలో కెటిల్ స్విచ్చి నొక్కి ఎరగరు. నీళ్ళు మరిగితే అదే టక్కున ఆగిపోతుందని చెప్పాను. పాఠకులు కథ చదువుతారుగానీ కెటిల్ని పట్టించుకుంటారా అని నవ్వేసి డ్యూటీకి వెళ్ళిపోయారు.

అంతటితో ఊరుకునేదాన్నేమో. మా ఇంట్లో పనిచేసే నోమ్సా బట్టలు ఇస్త్రీ చేస్తూ, ఏం రాస్తున్నారని అడిగింది. కథ చెప్పాను. ఎవరు చంపారు, అంది. జీవితంలో మొదటిసారి ఓటేసిన రోజు గురించి ఎన్నిసార్లు చెప్పినా తనివితీరని మనిషి. ఆమె మొహం చూస్తూ పనిమనిషి అని నా నోటితో అనలేకపోయాను. మేనల్లుడు అనేశాను.

అన్నాక ఆలోచిస్తే, అదే నిజం! పొద్దున పెట్టిన కెటిల్ మధ్యాహ్నం దాకా మరగదు. మరుగుతోందంటే ఎవరో అప్పుడే నొక్కారు. పనిమనిషి మీదికి నేరం తోయడానికి, పోలీసులు గుమ్మంలో ఉండగా మేనల్లుడే ముందు లోపలికి వెళ్ళి నొక్కి ఉంటాడు. చివరి పేజీలు అలా మార్చి రాసి పోస్టు చేసేశాను. భయం వేసిందా? లేదు. ఒళ్ళంతా హుషారుగా ఉంది.

పత్రిక వచ్చిన రోజు మా ఆయన వంటింట్లోకి ఊగిపోతూ వచ్చారు.

"మూర్తిగాడు నా కథని ఖూనీ చేశాడు! హంతకుణ్ణే మార్చేశాడు!"

"బాగా లేదా?" అన్నాను.

"బాగుందా లేదా కాదు. నన్నొక్క మాట అడగకుండా ఎలా మారుస్తాడు?"

అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు.

ఆయన ఘాటుగా ఉత్తరం రాశారు. మూర్తిగారు అక్కణ్ణించి ఫోన్ చేసి, వచ్చింది వచ్చినట్టే వేశానురా, ఒట్టు, అన్నారట. ఈయన నమ్మలేదు. నేను పంపిన కాగితాలు చూపించమని అడిగినా తేలిపోయేది. కోపంలో ఈయనకది తోచలేదు. నాకు తోచింది. అయినా గమ్మున ఉన్నాను. స్నేహం అక్కడితో తెగిపోయింది.

ఎందుకు చెప్పలేదు? చెబితే రెండు రోజులు అరిచేవారు, అంతేగా? అసలు సంగతి వేరు. కెటిల్ సంగతి భలే పట్టారని పాఠకులు రాసిన ఉత్తరాలు పత్రికలో అచ్చయ్యాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే వాటినే మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిపోయాను. ఆ మురిపెంలో రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఆ కథ ఆయనదే అయిపోయింది. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళకి, ఆ ఎత్తు తనకెలా తట్టిందో ఆయన వర్ణించి చెబుతారు. నేను తల ఊపుతాను. నవ్వు కూడా వస్తుంది.

మూర్తిగారు పోయారని కబురొచ్చినప్పుడు మాత్రం నవ్వలేకపోయాను. మా ఆయన వరండాలో కూర్చుని, "వాడంటే నాకు ప్రాణం. అబద్ధమాడాడనే నా బాధంతా" అన్నారు. అప్పుడూ చెప్పలేదు. ఈ వయసులో ఆయన తట్టుకోలేరని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయన మీద జాలా, నా మీద నాకున్న ప్రేమా? రెండూనేమో.

కథ మార్చినందుకు పశ్చాత్తాపం లేదు. మళ్ళీ రాయమంటే అలాగే రాస్తాను. నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరుగానే పోనిచ్చాను. నా తప్పు అది. క్షమించమని అడగడానికి ఇప్పుడు ఆ మనిషే లేరు.

మూర్తిగారు నిజమే చెప్పారు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక లేచి కిటికీ తీశాను. సముద్రం మీది గాలి లోపలికి వచ్చింది. పెరట్లో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తున్న మా ఆయన, అన్నం పెడతావా అని కేకేశారు. నాకూ ఆకలిగానే ఉంది.