బామ్మ మెడ, ఆంటీ ఫైలు

కాలిఫోర్నియా సన్నీవేల్‌లో నా రూమ్మేట్‌ది పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవులు. అతని బామ్మ నెల్లాళ్లు ఉండటానికి వచ్చింది. వచ్చిన వారానికే ఆమె మెడలో కొత్తగా ఒక గడ్డ తగిలింది. శాంటా క్లారాలో స్కాన్ బుక్ చేశాడు. రానంది. మనవడు బతిమాలితే టీవీ సౌండ్ పెంచింది.

పని జరక్కపోతే పైవాళ్లకి ఎస్కలేట్ చేయడం నేను ఆఫీసులో నేర్చుకున్న ఏకైక విద్య. ఆదివారం బామ్మను కాలిఫోర్నియాలోనే ఉన్న డబ్లిన్‌లో మా అమ్మ స్నేహితురాలింటికి భోజనానికి తీసుకెళ్లాను.

మా ఆంటీలకు థైరాయిడ్ ఎంసెట్ ర్యాంకు లాంటిది. పరిచయమైన రెండో నిమిషంలో నంబరు చెప్పుకోవాలి. ఈ ఆంటీ ఇంగ్లీషు కూడా తెలుగులాగే మాట్లాడుతుంది. బామ్మ మెడ మీది పాత కుట్ల మచ్చ చూడగానే మొదలుపెట్టింది.

"థైరాయిడ్ తీసేశారా? డోసెంతమ్మా? నాది డెబ్బై ఐదు."

"నూట డెబ్బై ఐదు," అంది బామ్మ.

ఆంటీ గరిటె కింద పెట్టింది. "అంతెలా?"

బామ్మ చెప్పింది. తన చిన్నప్పుడు వాళ్ల దీవులకు దూరంగా అమెరికా అణుబాంబు పరీక్ష జరిపింది. ఆకాశంలోంచి తెల్లటి బూడిద రాలింది. పిల్లలంతా దాంట్లో ఆడుకున్నారు. తర్వాత గొంతుల్లో గడ్డలు, ఆపరేషన్లు. ఏటా డాక్టర్లొచ్చి మెడలు నొక్కి, ఏదో రాసుకుని వెళ్లిపోయేవారు.

"ఏం రాసుకున్నారో ఒక్కరూ చెప్పలేదు. ఇంక నా మెడ ఎవరికీ ఇవ్వను."

నేను గంభీరంగా మొహం పెట్టాను. అది నాకు బొత్తిగా నప్పదు. ఆంటీ కళ్లు తుడుచుకుంది. బాంబును ఎలాగో తట్టుకుంది గానీ, తరువాతి విషయం ఆమెకు మింగుడుపడలేదు.

"రిపోర్టు కాపీ ఇవ్వలేదా? ఒక్కటి కూడానా?"

లోపలికెళ్లి తన ఫైలు తెచ్చింది. గుంటూరులో చేయించుకున్న మొట్టమొదటి రక్తపరీక్షతో సహా రిపోర్టులన్నీ ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా ఉన్నాయి. బామ్మ ఒక్కో కాగితం తిప్పి చూసింది.

"ఇవన్నీ నీ దగ్గరే ఉంటాయా?"

"మరి? మెడ నాది కదా! స్కాన్‌కి పదమ్మా, నేనొస్తా. కాగితం చేతికిచ్చేదాకా కదలం. ఒరేయ్, కారు నువ్వే తియ్యాలి."

బామ్మ సరేనంది. మర్నాడు శాంటా క్లారాలో స్కానయ్యాక టెక్నీషియన్ రిపోర్టు ఆన్‌లైన్లో చూసుకోమన్నాడు. "ప్రింట్," అని ఆంటీ కుర్చీలో సర్దుక్కూర్చుంది. ముప్పావుగంటకి డాక్టరే వచ్చాడు. గడ్డ ఎక్కడుందో, ఎంతుందో స్క్రీన్ మీద బామ్మకే చూపించాడు.

"ఇది లింఫ్ గ్రంథి వాపు మాత్రమే. క్యాన్సర్ లక్షణాలేవీ లేవు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూద్దాం."

తిరిగొస్తుంటే బామ్మ చేతికిచ్చిన రిపోర్టు రెండు పేజీలూ పైకి చదివింది. ఆసుపత్రి పార్కింగ్ నిబంధనలు కూడా వదల్లేదు. ఎవరమూ ఆపలేదు.