నాయన తెచ్చిన ఆక్సిజన్

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లబట్ట అనేదే ఉండేది కాదు. బళ్ళారి చుట్టూ గనులు జోరుమీదున్న రోజులవి. తోరణగల్లు వైపు పోయే ఖనిజం లారీలు మా వీధి మొదట్లోనే తిరిగేవి. ఉతికి ఆరేసినవన్నీ వాటి దుమ్ముకు సాయంత్రానికల్లా ఎర్రబడేవి. ఉబ్బసం మనిషి మా అవ్వకు ఆ దుమ్ము ప్రాణసంకటం. మా నాయనకు మాత్రం ఆ లారీలే అన్నం పెట్టేవి. గ్యాస్ కటింగ్ షెడ్డు పెట్టుకుని, విరిగిన లారీ తొట్లు కోసి అతికేవాడు. అక్కడి ఆక్సిజన్ సిలిండరంటే ఆయనకు దేవుడితో సమానం. ఆయుధపూజ నాడు మాకంటే ముందు దానికే కుంకుమ పడేది.

ఒక మధ్యాహ్నం అవ్వకు ఊపిరి అందలేదు. మందు పీల్చినా లాభం లేకపోయింది. ఆమె పెదవులు నల్లబడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆసుపత్రి బండికి ఫోన్ చేస్తే, లారీల వరుసలో చిక్కుకున్నామన్నారు. ఇక నాయన ఎవరి మాటా వినలేదు. షెడ్డుకు పరుగెత్తి ఆ సిలిండర్‌నే ఆటోలో వేసుకొచ్చి, రబ్బరు పైపుతో సహా గడపలోకి దొర్లించాడు.

అప్పటికే పక్కింటి అక్క వచ్చి అవ్వను పట్టుకుని ఉంది. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సు.

"మనకాడే ఉండాది కదా సిస్టరమ్మా, బండి కోసం ఎందుకు కాసుకోని ఉండాల?" అన్నాడు నాయన. దాని మీద ఆక్సిజన్ అనే రాసుందని చూపించాడు కూడా. చెబితే వినే స్థితిలో లేడు. అక్క అరవలేదు. గుమ్మం పక్కనున్న పాత డీజిల్ డబ్బాలో మా బిందెలోని నీళ్లే పోసి, గ్లాసులోకి వంచి ఆయన చేతికిచ్చింది. నాయన నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"నీళ్లు అవేనన్నా, డబ్బా వేరే. రోగికిచ్చే సిలిండర్ లోపల కడిగి, పరీక్ష చేసి నింపుతారు. ఇనుము కోసేదానికి అంత చూడరు. దీంట్లో తుప్పుండాదో, నూనె ఉండాదో ఎవరు చూసినారు? పైగా దాని జోరుకు అవ్వ రొమ్ము తట్టుకోదు."

నాయన అక్కడే కూలబడి ఏడ్చేశాడు. నాకు అక్క మీద కోపం ముంచుకొచ్చింది. వద్దనేసి ఊరుకుంటే అవ్వ బతుకుతుందా అనిపించింది.

అక్క ఊరుకోలేదు. "నీ భుజం కావాల ఈడ, రా" అని ఆయన్ను అవ్వకు ఎదురుగా కూర్చోబెట్టి, అవ్వను ముందుకు వంచి ఆ భుజానికి ఆనించింది. మా అమ్మ చేత కిటికీలకు తడిగుడ్డలు కట్టించింది. "నిదానం, సుదారించుకో అవ్వా, ఊపిరి కూడదీసుకో" అంటూ, మూతి ముడిచి మెల్లగా ఊదమంది. తనకు తెలియకుండానే నాయన కూడా ఊదడం మొదలుపెట్టాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

బండి వచ్చేదాకా అవ్వ అలాగే ఆయనను ఆనుకుని ఉంది. వాళ్లు రోగుల సిలిండర్ పెట్టాక, మెల్లగా పెదవుల్లో రంగు తిరిగింది. గడపలోని సిలిండర్ చూసి ఇదేంది కథ అని వీధివాళ్లు నాయనను ఆటపట్టించబోతే, "తల్లి కోసం పరుగెత్తినాడప్పా, అంతే" అని అక్క వాళ్ల నోరు మూయించింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా పిల్లలు కంగారుపడి తలా ఒకటి పట్టుకొస్తారు. వద్దనాల్సింది పెద్దదాన్ని నేనే. వద్దంటాను. కానీ వద్దన్న చేతులను మాత్రం ఖాళీగా వదలను. రోగి పక్కన వాటికొక చోటు చూపించాకే నేను లేస్తాను.