దివి కాదు, దీవి

మా అమ్మాయి పోయింది. తను నర్సుగా పనిచేసే దీవిలోనే జ్వరం వచ్చి పోయింది. నందిగామలో మా ఆయన ఫోనుకు ఆ కబురు వచ్చినప్పుడు నేను పెరట్లో మినుములు ఎండబోస్తున్నాను. ఆయన వచ్చి ఫోను నా చేతికిచ్చాడు. గాలివాన పట్టి, తనను తీసుకొచ్చే హెలికాప్టరు దిగలేకపోయిందట. ఓడ వచ్చేసరికి ఇంకా ఐదు రోజులు పడుతుందట. అన్నాళ్లు ఉంచలేం, ఇక్కడే సాగనంపుతామంటే ఫోనులోనే సరేనన్నాం. ఎవరి తప్పూ లేదు. కానీ నా కూతుర్ని కడసారి నేను చూడలేదు.

నేను చదివింది ఐదో తరగతి. అయినా ఏదో ఒకటి రాయమని తనే నా వెంటపడేది. "మాట్లాడినట్టే రాయమ్మా. తప్పులుంటే నేను దిద్దుతాలే" అనేది. ఇప్పుడు దిద్దే మనిషి లేదు కనక, చదివే మీరే సర్దుకోండి.

ఉద్యోగం వచ్చిందని తను బెజవాడ నుంచి ఫోన్ చేసిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దీవుల్లో ఉద్యోగం అంది. నాకు దివి అని వినపడింది. దివిసీమంటే అవనిగడ్డ వైపే కదా, వారం వారం వచ్చి పోతుందని వాడకట్టంతా చెప్పుకున్నాను. తీరా బయల్దేరేముందు టిక్కెట్టు చూపించింది.

"దివికి విమానమెందుకే? బెజవాడలో బస్సెక్కితే అయిపోయె" అన్నాను.

"దివి కాదమ్మా, దీవి. చుట్టూ నీళ్లుంటాయి."

"దివికీ చుట్టూ నీళ్లే కదే."

పాపం, నవ్వలేక పొట్ట పట్టుకుని కూర్చుంది. అండమాను పోయి, అక్కణ్ణుంచి మళ్లీ ఓడలో రెండ్రోజులు పోవాలని అప్పుడు చెప్పింది. ఫోనులో పటం తీసి చూపించింది. మన దేశం ఒక మూలుంటే, ఆ చుక్క ఇంకో దేశం పక్కన ఉంది.

"అంత దూరాన ఉన్నది మనదెట్లా అయిందే?"

"మన ఓడ వస్తుంది కదమ్మా" అంది. ఆ మాట నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

పక్కింటావిడ ఊరుకోలేదు. "ఏం నేరం చేసిందని అండమాను పంపుతున్నారొదినా?" అంది. మా అమ్మాయి లోపల్నుంచే అందుకుంది. "నేరాలు చేసినోళ్లంతా ఇక్కడే ఉన్నారు గదత్తా, వాళ్లతో పడలేక పోతున్నా."

అక్కడికి పోయినాక తన మాట దొరకడమే కష్టమైంది. ఫోను కలిసిన రోజు ముందు మా ఆయన బీపీ అడిగేది, తర్వాతే నన్ను పలకరించేది. "ఇక్కడ వారాల లెక్క లేదమ్మా, ఓడల లెక్కే. ఓడ వస్తే ఉల్లిపాయలు, రాకపోతే చేపలు" అని నవ్వేది. చదువు రానివాళ్లకు మందుల కవరు మీద బొమ్మలేసి ఇచ్చేదట. పొద్దుటి మాత్రకు కోడి, రాత్రి మాత్రకు పడుకునే చాప. సెలవుకొచ్చినప్పుడు మా ఆయన మందుల మీదా కోడిపుంజును వేసి పోయింది. ఆ కవర్లు ఖాళీ అయినా ఆయన పారెయ్యడు.

తను పోయాక నన్ను ఒక్కటే పీక్కుతింది. ఆఖర్న పక్కన ఎవరైనా ఉన్నారా? ఊరినిండా జనానికి చాకిరీ చేసిన పిల్ల, గొంతు తడిపే దిక్కు లేక పోయిందా? ఓదార్చను వచ్చినవాళ్లు దేవుడి దగ్గరికి పోయిందన్నారు. దేవుడి సంగతి కాదు నేనడిగేది. ముద్ద దిగేది కాదు, కన్ను మూతపడేది కాదు.

రెణ్ణెల్లకు ఒకావిడ మా అమ్మాయి పెట్టె మోసుకుని ఇంటికొచ్చింది. అక్కడి ఆస్పత్రిలో ఆయా అట. శ్రీకాకుళం వైపు మనిషి. చిన్నప్పుడే ఆ దీవులకు పోయిన కుటుంబం. విశాఖపట్నం దాకా ఓడలో వచ్చి, అక్కణ్ణుంచి బస్సులు మారి వచ్చింది. మంచినీళ్లు కూడా ఇవ్వకుండానే అడిగేశాను, పక్కన ఎవరున్నారని.

"నానున్నానమ్మా. రెండ్రోజులూ పాపనొగ్గీసి కదల్లేదు" అంది. "ఆకరి రోజు పొద్దున పక్క మంచం మీద ఒకమ్మికి కానుపైనాది. మీ పాప పడుకునే, ఇలా సెయ్యి, అలా సెయ్యి అని నాకు సెప్పింది. బిడ్డ ఏడిసిందా అనడిగింది. ఏడిసిందన్నాను. అయితే తల్లి దగ్గిర పెట్టు అంది. మజ్జానం కాసిన్ని గంజినీళ్లు తాగింది. తల సిక్కుపడిపోనాది, దువ్వవా అంది. నా ఒళ్లో తలెట్టుకున్నాది. జడ సగంలో ఉండగా నిద్దరోయింది. నిద్దరే అనుకున్నానమ్మా నాను."

"గట్టిగా వేశావా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"లేదమ్మా. గట్టిగేస్తే మా యమ్మలాగే ఏస్తన్నావని కసిరీది. ఒదులుగానే ఏసినాను."

నా గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఏడ్చాను, కానీ అది వేరే ఏడుపు. గంజి తాగింది. ఒళ్లో పడుకుంది. తన పని ముగించుకుని, నన్ను తిట్టుకుని మరీ పోయింది. చాలు తల్లీ.

ఆయా చేతులు కడుక్కుని నా వెనక్కి వచ్చి కూర్చుంది. "నీ తలా అలాగే ఉన్నాది" అంటూ దువ్వెన అందుకుంది. మూడు పాయలు తీసి, ఎక్కడా లాగకుండా, వదులుగా అల్లుతూ పోయింది. సగంలోనే నాకు కునుకు పట్టింది. సాయంత్రం లేచేసరికి జడ భుజం మీదుగా ముందుకు పడి ఉంది. చివరిదాకా అల్లి, ముడేసి ఉంది.