‘కాదు’ దయానందం గారి సలహా

కోడూరులో దయానందం మాష్టారి నోట ‘అవును’ అన్న మాట విన్నవాళ్ళు లేరు. పెళ్ళిలో పాస్టరు గారు “ఎలీసబెతును భార్యగా స్వీకరిస్తావా?” అని అడిగితే, “వద్దని ఎవరన్నారండీ?” అన్నారట. బస్సులో కండక్టరు “అవనిగడ్డ వచ్చింది, దిగండి” అంటే, “అది రాలేదు బాబూ, మనమే వచ్చాం” అని దిగుతారు. చర్చిలో “ఈరోజు ప్రసంగం క్లుప్తంగా ముగిస్తాను” అని పాస్టరు గారు అనడం ఆలస్యం, ముందు బెంచీలోంచి “ముగించరండీ” అని వినపడుతుంది. అది మాత్రం నిజమే అవుతుంది.

అలాంటి మనిషి దగ్గరికి తమ్ముడి కూతురు వినీల సలహాకి వచ్చింది. నీట్‌లో సీటు కొద్దిలో తప్పిపోయింది. వాళ్ళ నాన్న యేసుదాసు నర్సింగ్‌లో చేరమంటున్నాడు. అమ్మ మళ్ళీ రాయమంటోంది. ఇద్దరి మధ్యా వినీలకి అన్నం సయించడం లేదు.

“నర్సింగ్‌లో చేరిపోతాను పెదనాన్నా.”

“తేలికనుకున్నావా? డాక్టరు చూసి వెళ్ళిపోతాడు. రోగి పక్కన నిలబడేది నర్సే. ఇష్టం లేకుండా చేసే పని కాదది.”

“అయితే మళ్ళీ నీట్ రాస్తాను.”

“ఎలా రాస్తావు? నీకు ఫిజిక్స్ రాదుగా!”

వినీలకి ఒళ్ళు మండింది. “రాకపోవడమేంటి? వచ్చు! బయాలజీ దగ్గరే కూర్చుండిపోయాను, టైం చాల్లేదు. ఈసారి ముందు ఫిజిక్స్ పట్టుకుంటాను.”

“నీ స్నేహితులంతా కాలేజీలకి వెళ్తుంటే ఏడుస్తావు.”

“రెండ్రోజులు ఏడుస్తాను. తర్వాత చదువుకుంటాను. నేను డాక్టర్నే అవుతాను పెదనాన్నా!”

అంత గట్టిగా అన్నాక గానీ, ఆ మాట తనలో ఉందని వినీలకే తెలియలేదు. మాష్టారు మాత్రం వెనక్కి తగ్గలేదు.

“గుడివాడ కోచింగ్ హాస్టల్లో నువ్వుండలేవు. సాంబారు ఉత్త నీళ్ళు. రోడ్డు వైపు గదుల్లో ఒకటే హారన్లు.”

“నీకెలా తెలుసు?”

మాష్టారు గబగబా కళ్ళజోడు తుడుచుకోవడం మొదలెట్టారు. వంటింట్లోంచి ఎలీసబెతు పెద్దమ్మ అన్నం పళ్ళెం, చేపల పులుసు గిన్నెతో వచ్చింది.

“నిన్న పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, అక్కడే భోంచేసి వచ్చారమ్మా. వార్డెన్‌తో పోట్లాడి, వెనక వైపు గది నీ కోసం ఆపమని చెప్పొచ్చారు.”

“ఆపమన్లేదు,” అన్నారు మాష్టారు. “ఇంకెవరికీ ఇవ్వొద్దన్నానంతే.”

“మీ నాన్నతో కూడా ఫోన్లో వాదించారు. ఆయన సరేనన్నాక కూడా ఆపలేదు!”

వినీలకి నవ్వాగలేదు. పళ్ళెం ముందుకు లాక్కుని కలుపుకుంది. రెండు ముద్దలు తిన్నాక చెయ్యి ఆగింది.

“పోనీ... ఈసారి కూడా సీటు రాకపోతే?”

“ఎందుకు రాదూ?” అంటూ మాష్టారు కుర్చీ దగ్గరికి జరుపుకుని వాదనకి దిగారు. పులుసు చల్లారిపోతున్నా వదల్లేదు. వినీల హాయిగా ఓడిపోతూ, రెండోసారి అన్నం పెట్టించుకుంది.