పసుపు చల్లిన ముగింపు గీత

1933 ఏప్రిల్ నెలాఖరున విరుదునగర్ నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. మే నెలలో అక్కడ రెండు జిల్లాలకు కలిపి జరగబోయే ఆటల పోటీల్లో, పరుగు పందేల ముగింపు దగ్గర నన్ను ముఖ్య న్యాయనిర్ణేతగా వేశారు. అప్పటికి నేను కోవిల్‌పట్టిలో ఒక హైస్కూలులో వ్యాయామ శిక్షకుణ్ణి. అది కాగితం మీది హోదా. ఊళ్లో మాత్రం నన్ను ‘ఈల వాద్యారు’, అంటే ఈల పంతులు, అనేవారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడేది కనుక కాదనడానికీ లేదు. మా నాయన మాట ఇంకొకటి: “బీయే చదవరా అని పంపిస్తే బయలు చదివి వచ్చె.”

ఆ బయలు చదువు సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో మద్రాసులో పట్టభద్రులకని ఒక సంవత్సరం వ్యాయామ విద్య కోర్సు ఉండేది. సగం చదువు శరీరానికి: ఎముకలు, కండరాలు, డ్రిల్లు, ఏ ఆటకు ఎవరిని ఎలా తయారుచేయాలన్న శిక్షణ. మిగతా సగం నిర్వహణకు: మైదానం కొలవడం, దారులు గీయడం, పందెగాళ్లను విడతలుగా విడదీయడం, న్యాయనిర్ణేతల్ని నిలబెట్టడం, ఫిర్యాదు వస్తే విచారించడం. ఆడేవాడికంటే ఆడించేవాడికి పని ఎక్కువని మొదటి రోజే చెప్పారు. ఆ మాట నాకెంత ఊరటో! నేను పరుగెత్తితే గడియారం పట్టుకున్నవాడికి చేయి నొప్పి పుట్టేది.

తెలుగు రాయడం కూడా అక్కడే నేర్చుకున్నాను. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే కాని చదువుకునేది కాదు. గడప దాటితే అరవమే. నా గదిలో ఉన్న గుంటూరు అబ్బాయి నా మాట విని, తన ముత్తవ్వ మళ్లీ పుట్టి చొక్కా వేసుకుందని అనేవాడు. నవ్వుతూనే అక్షరాలు దిద్దించాడు. ఈ రాతలో పాతవాసన తగిలితే ఆ ముత్తవ్వదే.

ఇక అసలు మనిషి. పేరు ఎర్రబొమ్ము. ఏళాయిరంపన్నై దగ్గరి పల్లెలో కంబళత్తు నాయకర్ల బిడ్డ. వాళ్లు మాలాగే తెలుగు మాట్లాడేవాళ్లు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసి, ఎద్దును దేవుడిలా చూసుకునేవాళ్లు. తండ్రి లేడు. మేనమామ కంబయ్య పెంచి, మదురైలో బి.ఏ. దాకా చదివించాడు. ఆ పల్లెకు అతనే మొదటి పట్టభద్రుడు. గుమాస్తా పనికి దరఖాస్తులు పెట్టుకోవలసినవాడు ఒకరోజు మా స్కూలుకు వచ్చి, “నాకూ మీ చదువే చదవాలని ఉండాది సార్” అన్నాడు. నా చదువును ఆశపడి అడిగిన మొదటి మనిషి అతనే కనుక, నేను వెంటనే కుర్చీ వేశాను.

ఆ కోర్సులో చేరాలంటే పట్టా ఒక్కటే చాలదు. జిల్లా స్థాయి పోటీలో మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి వచ్చినట్లు ధ్రువపత్రం ఉండాలి. మదురైలో ఉన్నంతకాలం సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పి తిండి సంపాదించుకున్నవాడు కనుక అతను కాలేజీ ఆటల్లో ఎన్నడూ దిగలేదు. వయసు హద్దు కూడా దగ్గర పడింది: ఆ జులైలో చేరితే చేరినట్లు, లేకపోతే లేదు. అంటే విరుదునగర్ పోటీలే అతనికి మొదటివీ, ఆఖరివీ.

తయారుచేసే పని నేను తీసుకున్నాను. నాలుగువందల నలభై గజాల పరుగు ఎంచుకున్నాం. అతని ఊపిరికి, కాలికి నేను నేర్పవలసిందేమీ లేదు. ఇబ్బందంతా కుడిచేయి. పరుగెత్తేటప్పుడు ఒంటికి ఎడంగా, పక్కనున్న దేన్నో పట్టుకున్నట్లు చాచి పరుగెత్తేవాడు. కారణం అడిగితే సిగ్గుపడి చెప్పాడు. ఏటా పంట ఇళ్లకు చేరాక వాళ్ల ఊళ్లో సామి ఎద్దును పరుగెత్తిస్తారు. కుర్రవాళ్లు దాని పక్కనే, పగ్గం మీద చేయివేసి పరుగెత్తాలి. పదేళ్లుగా ఆ చోటు ఇతనిదే.

“ఎద్దు లేకుండా ఉత్తినే పరుగెత్తేది వెర్రివాడి మాదిరి ఉండాది సార్” అన్నాడు.

“నన్నే ఎద్దనుకో” అన్నాను.

“మీరు వెనకబడిపోతారే!”

మూడు నెలల నా విద్యంతా ఆ కుడిచేతిని ఒంటికి దగ్గరగా తేవడానికే ఖర్చయింది. చివరికి వచ్చింది. ముగింపు దగ్గర కట్టే ఉన్నిదారాన్ని ఛాతీతో తెంచుకుని పోవడం కూడా బాగా అలవాటైంది. మా స్కూలు బయల్లో రోజూ తెంచేవాడు. ముడి వేసీ వేసీ ఆ దారంలో దారంకంటే ముళ్లు ఎక్కువయ్యాయి.

పోటీల ముందటి రాత్రి విరుదునగర్‌లో వాన కురిసింది. నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే బంక. పొద్దున మేం గీసిన సున్నపు గీతలన్నీ మధ్యాహ్నానికి నేల మింగేసింది. దారుల సంగతి జెండాలతో సర్దుకున్నాం. ముగింపు గీత మాత్రం కనబడి తీరాలి. ఎందుకంటే పరుగు ముగిసేది దారం దగ్గర కాదు. దారం కంటికి సాయం మాత్రమే. పందెగాడి మొండెం గీత మీదుగా దాటిందా లేదా అన్నదే లెక్క. మిగిలిన సున్నం బస్తా నీళ్లు తాగి గట్టిపడింది. ఇంకోటి తెప్పిద్దామంటే బజారు మూసి ఉంది. వ్యాపారులంతా మైదానంలోనే ఉన్నారు.

అప్పుడు కంబయ్య వచ్చాడు. మేనల్లుడి పరుగు చూడటానికి రెండు బండ్ల జనంతో వచ్చినవాడు. “ఏమి వాద్యార్ సామీ, నేలను చూసి నిలిచిండారు? ఏమన్నా పారేసుకుంటిరా?”

“గీత పారేసుకున్నాను పెద్దయ్యా” అన్నాను.

“దానికేమి! నా దగ్గర కొత్త వేష్టి ఉండాది. పిల్లవాడు గెలిస్తే కట్టుకునేదానికి తెస్తిని. పరిచేసేదా?”

తెల్లని పంచె, నల్లని నేల. దీనికంటే బాగా కనబడేది ఏముంటుంది? తర్వాత ఉతికించి ఇస్తానన్నాను. “గెలిచిన కాలి మన్ను ఉతికేదా? దాచిపెట్టుకుంటాను పోండి” అన్నాడు. ఆయనే అంచు మడిచి, పరుగు దారి ఈ కొస నుంచి ఆ కొసకు పరిచాడు. నాలుగు మూలలా ఇనప మేకులు నేను దిగ్గొట్టించాను. దారం కట్టించాను. మనసు కుదుటపడింది.

కంబయ్య వెళ్లబోతూ మళ్లీ వంగాడు. మొలలోంచి చిన్న పొట్లం తీసి, వాళ్ల ఊరి అమ్మవారి దగ్గర తెచ్చిన పసుపు ఆ గుడ్డ మీద చల్లాడు, పిల్లవాడికి మేలు జరగాలని. రంగు ఉంటే ఇంకా బాగా కనబడుతుందని నేను మెచ్చుకున్నాను కూడా. నిర్వహణ చదివినవాడి చూపు అలాగే ఉంటుంది.

నలుగురు న్యాయనిర్ణేతలం మెట్ల బల్లమీద నిలబడ్డాం. పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్కరు ఒక్కొక్క స్థానాన్నే చూడాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. పందెగాడికి కేకవేసి ఏమీ చెప్పకూడదు. మొదటి స్థానం నా వంతు. తుపాకీ పేలింది. ఆరుగురు పరుగెత్తారు. ఆఖరి మలుపు తిరిగేసరికి ఎర్రబొమ్ముకూ, తూత్తుకుడి నుంచి వచ్చిన రెండోవాడికీ మధ్య బండి తిప్పుకునేంత ఖాళీ ఉంది. కుడిచేయి ఒంటికి దగ్గరగానే ఉంది. నా కంటికి ఆనందంగా ఉంది కాని, కన్ను తిప్పకూడదు.

బంకమట్టిలో చెప్పుల్లేకుండా పరుగెత్తేవాడు ఛాతీ ముందున్న దారాన్ని చూడడు, కాలికింద నేలను చూస్తాడు. అతనూ నేలనే చూస్తూ వచ్చాడు. గుడ్డ ముందుకు వచ్చేసరికి ఆగిపోయాడు. జారలేదు, తూలలేదు. అంచుకు జానెడు ఇవతల రెండు కాళ్లూ దించి, పక్కకు తప్పుకుని, వెనక్కి తిరిగి, కుడిచేయి చాచాడు. వెనక వస్తున్నదాన్ని ముందుకు పొమ్మన్నట్లు.

వెనక ఎద్దు లేదు. తూత్తుకుడివాడు వచ్చి దారం తెంచుకుని పోయాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆ ఊరి ఎద్దు పరుగుకు ముగింపు, నేలమీద పరిచి పసుపు చల్లిన తెల్లగుడ్డ. దాన్ని ఎద్దే దాటాలి. మనిషి దాన్ని అక్కడిదాకా తెచ్చి తప్పుకోవాలి, గుడ్డమీద కాలు మోపకూడదు. చిన్నప్పుడు మా నాయన భుజమెక్కి ఆ పరుగు నేనూ చూశాను. ఎద్దు దూకడం గుర్తుంది; మనుషులు ఆగడం గుర్తులేదు. ఏటేటా ఆ గుడ్డ పరిచే కంబయ్యకే తట్టలేదు. పరిచినప్పుడు అది ఆయనకు పంచె. పసుపు పడ్డాక ఇంకొకటయింది.

ఎర్రబొమ్ముకు తెలివి వచ్చింది. ఇంకా రెండు స్థానాలున్నాయి. ఒక్క అడుగు వేస్తే చాలు. కాలెత్తాడు, గుడ్డను చూశాడు, మళ్లీ దించాడు. కంబయ్య పరుగున వచ్చి గుడ్డను లాగబోయాడు. నేను కొట్టించిన మేకులు రాలేదు. ఆయన మొదటి మేకు పెరుకుతుండగానే రెండోవాడూ, మూడోవాడూ దాటిపోయారు. కేక వేయకూడదన్న నియమం నేను ఎన్నోసార్లు నోటితో బోధించాను. ఆ పూటే పళ్లతో పాటించాను.

“ఎద్దేదీ? నాయకరే, ఎద్దేదీ?” అని గట్టున కూర్చున్న పట్నం కుర్రవాళ్లు అరవంలో అరిచారు. బండ్లలో వచ్చిన జనం నవ్వలేదు.

“ఎందుకురా నిలిస్తివి?” అన్నాడు కంబయ్య, చేతిలో మేకుతో.

“పసుపు ఉండె మామా. కాలు పోలేదు.”

“నేనే పరిస్తినేరా! నేనే చల్లితినే!”

“వాడు చేసిందే సరి” అన్నాడు బండ్లలో వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన. “తొక్కింటే ఊళ్లోకి ఏ మొహంతో వచ్చును?”

కథ ఇక్కడ ముగియలేదు. నియమాల్లో ముగింపు గీత సున్నంతో ఇంత వెడల్పున ఉండాలని స్పష్టంగా ఉంది. గుడ్డ గీత కాదు. పందెగాడు పావుగంటలోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, పరుగు రద్దుచేసి మళ్లీ పెట్టవలసిందే. ఈ సంగతి నాకు తెలుసు. ఎర్రబొమ్ముకూ తెలుసు, మద్రాసు చదువుకు పనికొస్తుందని ఆ నియమాలన్నీ నేనే చదివించాను. కాని న్యాయనిర్ణేత తనంతట తాను పందెగాడికి సలహా ఇవ్వకూడదు. నేను బల్ల దిగి, అతను కాళ్లు కడుక్కుంటున్న తొట్టి దగ్గరకు వెళ్లి, నీళ్లు తాగేవాడిలా నిలబడ్డాను.

“గుడ్డ గీత కాదు కదా సార్?” అన్నాడు తలెత్తకుండా.

“నువ్వు రాసిస్తే చెబుతాను.”

“ఏమని రాసేది? మా మామ పరిచింది తప్పు అనా?”

“పరచనిచ్చింది నేను. నా పేరు రాయి.”

నా హోదా దాటి నేను మాట్లాడిన మాట అదొక్కటే. అతను కొంచెంసేపు కాళ్లే కడుక్కున్నాడు.

“మీ పేరు రాసినా విచారణలో పిలిచేది మా మామనే కదా? అందరి ముందర ఆ గుడ్డ ఉత్త గుడ్డ అని ఆయన చెప్పాల. చెప్పేస్తాడు సార్, నా కోసం చెప్పేస్తాడు. అది ఆయన నోట వినే పని నాకు వద్దు.” తర్వాత నవ్వాడు. “పోతే పరుగేగా సార్. పరువు ఇంటికి తీసుకుపోతాను.”

పావుగంట గడిచింది. ఫలితం నేనే చదివాను. మొదటి ముగ్గురి పేర్లలో అతని పేరు లేదు.

పోటీలయ్యాక మద్రాసు కాలేజీకి పరిస్థితి వివరించాను. సానుభూతితోనే కాదన్నారు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. ఎర్రబొమ్ము విరుదునగర్‌లో ఒక పత్తి గిడ్డంగిలో తూకం గుమాస్తాగా చేరాడు. పిల్లలను కూడగట్టుకుని సాయంత్రాలు ఏమైనా ఆడిస్తున్నావా అని ఒకసారి అడిగితే, తూకం ముగిసేసరికి పొద్దు వాలిపోతుందన్నాడు. కంబయ్య ఆ పంచె ఉతికించి మా స్కూలుకు పంపాడు, గీతకు పనికొస్తుందని. వెటకారం కాదు, ఆయనకు అది చేతకాదు. నేను దాన్ని ఎన్నడూ పరచలేదు.

నా ముప్పై ఏళ్ల కొలువులో శిక్షణకు పంపినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో గెలిచిన కాళ్లున్నాయి, మంచి ఈలలున్నాయి. కాని ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషిని శిక్షకుడిగా చూడాలన్న కోరిక అక్కడే ఆగిపోయింది. అతను వచ్చి ఉంటే కోవిల్‌పట్టి పిల్లలకు నాకంటే మంచి వాద్యారు దొరికేవాడు. ఓడేవాడి సంగతి మాత్రమే నాకు తెలుసు. అతనికి గెలిచేవాడిదీ, ఓడేవాడిదీ రెండూ తెలిసేవి.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు విషయాలు. ఒకటి: సున్నం బస్తాలు రెండు ఉండాలి, రెండోది కప్పుకింద ఉండాలి. రెండు: మైదానంలో ఏది పరిచినా, గీసినా, దానిమీద పరుగెత్తబోయేవాణ్ణి ముందు దాని దగ్గరకు తీసుకువచ్చి చూపించి, ఇది నీకు దాటదగినదేనా అని అడగాలి. తర్వాత నేను నిర్వహించిన ప్రతి పోటీలోనూ తుపాకీకి ముందు పందెగాళ్లందరినీ ముగింపు గీత దాకా నడిపించేవాణ్ణి. ఎందుకని తోటి అధికారులు అడిగేవారు. నియమావళిలో లేదనేవారు. లేదు, నిజమే.